అన్నయ్య ఉత్తరం మీద వేసిన చుక్క

తెలుగు సినిమాల్లో చనిపోయే ముందు ఎవరు ఉత్తరం రాసినా ఆ చేతిరాత నాదేనని ఫిల్మ్‌నగర్‌లో చాలామందికి చెప్పాను. టీ కొట్టు దగ్గర చెప్పాను, మందుల షాపులో చెప్పాను, కళ్ళు పరీక్ష చేస్తున్న డాక్టరుకి అక్షరాలు చదివి వినిపిస్తూ మధ్యలో చెప్పాను. నిజానికి నేను రాసినవి పదిహేడు. ఎడిటింగులో పోయినవి పోగా తెర మీదికి వచ్చినవి తొమ్మిది. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు చావలేదు, చివర్లో పెళ్ళి చేసుకున్నారు.

పని మాత్రం నిజంగానే ఉండేది. హీరోయిన్ ఉత్తరం విప్పుతుంది. కెమెరా కాగితం మీదికి వెళ్తుంది. నాలుగు వరసలు కనిపిస్తాయి. పైనుంచి ఒక కన్నీటి చుక్క పడి, ఒక మాట మీద సిరా విచ్చుకుంటుంది. ఆ చుక్క హీరోయిన్‌ది కాదు. ఆ ముక్కని ఇంకో రోజు, ఆవిడ లేకుండా, ఒక బల్ల మీద కాగితం పెట్టి విడిగా తీస్తారు. దాన్ని ఇన్సర్టు అంటారు. కాగితం పట్టుకున్న వేళ్ళు ఎవరివో అయి ఉంటాయి. ఆ చుక్క నాది. నా కంటిది కాదు, నా చేతిలో ఉన్న ఫిల్లరుది. పెన్నులో సిరా పోసుకునే ప్లాస్టిక్ ఫిల్లరు, అందులో కుళాయి నీళ్ళు.

చుక్క ఎక్కడ పడాలో దానికో పద్ధతుంది. కింది నుంచి మూడో వరస, కుడివైపు. చూసేవాడి కన్ను చదువుకుంటూ అక్కడికి వచ్చేసరికి చుక్క పడాలి. జానెడు ఎత్తు నుంచి వెయ్యాలి. అంతకన్నా పైనుంచైతే చిట్లుతుంది, కిందనుంచైతే బొట్టు పెట్టినట్టుంటుంది. ఈ పద్ధతి నేను కనిపెట్టిందేనని ఒక టీవీ చానెల్ వాళ్ళకి చెప్పాను. నాకు ముందు ఈ పని చేసిన పెద్దాయన నేర్పాడు. చానెల్ వాళ్ళు ఆ ముక్క ప్రసారం చెయ్యలేదు కాబట్టి ఆయనకేమీ నష్టం జరగలేదు.

అసలు విద్య సిరాలో ఉంది. నా దగ్గర ఒక లాంగ్ నోటుబుక్కు ఉంది. కొత్త సిరా వచ్చిన ప్రతిసారీ అందులో ఒకే వాక్యం రాస్తాను: 'ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను.' రెండో 'క్షేమం' మీద చుక్క వేస్తాను. 'క్ష' లో మెలికలు ఎక్కువ, సిరా గుణం అక్కడే తెలిసిపోతుంది. మామూలు నీలం అంచుల్లో ముదురుగా, మధ్యలో ఆకాశంలా విచ్చుకుంటుంది. మాట పూర్తిగా పోతుంది. బ్లూబ్లాక్‌లో నీలం కొట్టుకుపోయి బూడిదరంగు గీత మిగులుతుంది. మాట చదవొచ్చు. డైరెక్టర్లకి అది నచ్చదు, చదవగలిగాక ఇంక ఏడుపెందుకు అంటారు. ఒక రకం నలుపు ఉండేది, చుక్క పడగానే ఆకుపచ్చ, ఊదా విడివిడిగా బయటికొచ్చి ముగ్గులో రంగులద్దినట్టయ్యేది. వయొలెట్ అన్నిటికన్నా అందంగా విచ్చుకునేది గానీ పాత పసుపు లైట్ల కింద గోధుమరంగుగా కనిపించేది. ఇప్పటి తెల్ల లైట్ల కింద వయొలెట్ బాగుంటుంది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు.

పోయినేడు ఎండాకాలం ఒకరు అడిగారు. జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా ఆఫీసు నుంచి, ఆర్ట్ డిపార్ట్‌మెంటులో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసి, అంకుల్, కూతురికి తండ్రి రాసిన ఉత్తరం కావాలి, చుక్క పడితే అందంగా విచ్చుకోవాలి, అచ్చం ఒకేలా ఐదు కాపీలు కావాలి అంది. నా దగ్గర నలభై రకాల సిరాలున్నాయని చెప్పాను. ఇరవై రెండున్నాయి. వాటిలో ఆరు ఎండిపోయి అడుగున పెచ్చు కట్టాయి.

షేక్‌పేట వైపు దిగే సందులో, ఒక మేడ మీద రెండు గదులు నావి. కిటికీ దగ్గర బల్ల. ఎనిమిది సిరాలు తీసి, ఎనిమిది వరసలు రాసి, చుక్కలు వెయ్యడం మొదలుపెట్టాను. ఐదోది అయింది. కింద నుంచి పోస్టుమాన్ పిలిచాడు. నాకు ఉత్తరాలు రాసేది ఈ లోకంలో ఒక్కడే, మా అన్నయ్య. తణుకు కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. చెవులు పూర్తిగా పోవడంతో ఫోన్‌లో ఏమీ వినపడేది కాదు. అందుకని నెలకో ఇన్‌లాండ్ ఉత్తరం రాసేవాడు.

పైకొచ్చి, బ్లేడుతో మూడు వైపులా కోసి, బల్ల మీద పరిచాను. నేను చూసింది ముందు మాటల్ని కాదు, సిరాని. నీలమే, కానీ నా వరసల్లో ఏ నీలంతోనూ కలవలేదు. పలచగా, కొంచెం ఆకుపచ్చకి దగ్గరగా ఉంది. కుడిచేతిలో ఫిల్లరు ఉంది. కింది నుంచి మూడో వరస, కుడివైపు, జానెడు ఎత్తు. చుక్క వేసేశాను.

చాలా బాగా విచ్చుకుంది. అప్పటికి చూసిన ఐదింటికన్నా బాగా విచ్చుకుంది.

తర్వాత చదివాను. ఒంట్లో నలతగా ఉందనీ, పరీక్షలు చేయిస్తున్నారనీ, వదిన మోకాళ్ళ నొప్పులతోనే ఆస్పత్రి మెట్లెక్కుతోందనీ రాశాడు. చివర్లో ఇలా ఉంది: 'డాక్టరు ఏవేవో అంటున్నాడు. ఈ ఎండల్లో నువ్వు పడి రావద్దు. ఆ' — తర్వాత నా చుక్క — 'మాత్రం వీలు చూసుకుని పంపు. మరిచిపోకు.'

చుక్క కింద రెండక్షరాల చోటుంది. ఆ రెండక్షరాలూ పోయాయి.

మిగిలిన మూడు సిరాల పరీక్ష పూర్తి చేశాను. అమ్మాయికి ఐదు కాపీలూ రాసిచ్చాను. సినిమాలో చుక్క గ్రాఫిక్స్‌లో వేశామని, ఉత్తరం మాత్రం చాలా బాగుందని తర్వాత మెసేజ్ పెట్టింది.

అన్నయ్య పోయాడని వాళ్ళ పక్కింటాయన పొద్దున్నే ఫోన్ చేశాడు. అప్పుడు నేను సీసాల మూతల మీద చీటీలు అతికిస్తున్నాను. సరేనండి, వస్తున్నానండి అన్నాను. ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న చీటీ మీద 'వయొలెట్, పాతది' అని రాసి అతికించాను. అతికించాక అది సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూశాను. తర్వాత బస్సుకి వెళ్ళాను.

అక్కడ అందరూ నా మొహం చూశారు. ఉన్న ఒక్క తమ్ముణ్ణి. నాకు ఏడుపు రాలేదు. గుండె దిటవు చేసుకున్నానని తర్వాత ఒకరిద్దరితో అన్నాను. అదేమీ లేదు. అన్నయ్య కాళ్ళ బొటనవేళ్ళకి కట్టిన దారం చూస్తూ, అది ఫలానా మిల్లు దారమై ఉంటుందని అనుకుంటున్నాను. ఎండగా ఉంది. మజ్జిగ ఇచ్చారు, తాగాను.

పన్నెండో రోజు భోజనాలయ్యాక వదిన నన్ను పక్కకి పిలిచింది. అన్నయ్య ఉత్తరం పోస్టు చేసి వచ్చి, తమ్ముణ్ణి ఒకటి పంపమన్నాను అని మాత్రం చెప్పాడట, అదేమిటో చెప్పలేదట. పంపావా అని అడిగింది. పంపాను వదినా అన్నాను. రాలేదే అంది. పోస్టులో పోయి ఉంటుందన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అంత త్వరగా అబద్ధం తోచడమే నాకు వింతగా ఉంది. మిగతావేవీ అంత త్వరగా తోచలేదు.

ఈ ఏడు వైశాఖంలో సంవత్సరీకం. ఇరవై రోజుల ముందు వదిన ఫోన్ చేసింది. పోయినాయన మనసులో ఏ వస్తువైనా ఉండిపోతే దాన్ని కూడా దానాల్లో ఇవ్వమని పంతులుగారు అన్నారట. మంచం, గొడుగు, చెప్పులు, చెంబు ఉన్నాయి, ఇంకొకటి పెట్టాలి.

"ఆయనకి ఉన్నదల్లా ఆ ఒక్కటేనయ్యా. నిన్ను అడిగింది. నువ్వు ఏం పంపావో చెబితే అలాంటిదే ఇక్కడ కొంటాను."

ఇక్కడ దొరకదు, నేనే తెస్తాను అన్నాను.

మర్నాడు ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను. యాభై ఏళ్ళ అనుభవం ఉందిగా అనుకున్నాను. ముప్ఫై రెండేళ్ళే, మధ్యలో ఐదేళ్ళు పనే లేదు. ముందు అది ఏ సిరానో తెలిస్తే, చుక్క కింద ఏమైనా మిగిలే రకమో కాదో తెలుస్తుంది. ఉత్తరం మడతలో అన్నయ్య పెట్టిన ఒక ఫుల్‌స్టాపు దగ్గర తడిపిన టిష్యూ కాగితం అంచు ఆనించాను. చుక్కంత సిరా పైకి పాకింది. ఒక్కటే నీలం, బూడిదరంగు లేదు. బ్లూబ్లాక్ కాదు. నా దగ్గరున్న నీలాలన్నీ పక్కపక్కన రాసి చూశాను. ఏదీ అంత పలచగా లేదు. అయిదో రోజుకి అర్థమైంది. అది దుకాణంలో దొరికే మామూలు నీలమే, అన్నయ్య అందులో నీళ్ళు కలిపాడు. సీసా అడుగంటినప్పుడు ఇంట్లో నాన్న చేసిన పనే. నీళ్ళు కలిపిన నీలం మీద నీళ్ళు పడితే ఏం మిగులుతుంది. ఏమీ మిగలదు.

రెండక్షరాలు ఏవై ఉంటాయి? నాకు తోచినవి మూడు. నూనె, ఫోటో, పెన్ను. టోలిచౌకిలో ఒక హకీము దగ్గర దొరికే మోకాళ్ళ నూనె ఏడాదికోసారి పంపేవాణ్ణి. నాన్న, అన్నయ్య, నేను కలిసి దిగిన ఫోటో ఒకటి నా దగ్గరుంది. పెన్ను గురించి తర్వాత చెబుతాను.

యూసుఫ్‌గూడలో ఉండే ఒక లైట్‌మాన్ నాకు పాత స్నేహితుడు. నాకన్నా పదేళ్ళు చిన్న. నేను తీయించిన ఇన్సర్టులకి చాలావాటికి లైటు పట్టింది అతనే. కాగితం మీద పాళీ నొక్కిన గీత ఉంటే లైటు వేసి పట్టుకోవచ్చేమోనని పిలిచాను. బ్యాటరీతో వెలిగే చిన్న లైటు సంచిలో పెట్టుకుని వచ్చాడు. ఉత్తరం చూశాడు, నన్ను చూశాడు.

"ఏందన్నా, సొంత అన్న రాసిన ఉత్తరం మీద నీళ్ళు కొట్టినవా?"

అలవాటు అన్నాను.

"గిదేం అలవాటన్నా. నాకు లైట్లు విప్పుడు అలవాటు. గట్లని ఎవరి పెండ్లికన్న పోయి మండపం లైట్లు విప్పుకొస్తున్ననా?"

కిటికీలు మూశాడు. లైటుని బల్ల మీద పడుకోబెట్టి, వెలుగు కాగితాన్ని రాసుకుంటూ పోయేటట్టు పెట్టాడు. అడ్డంగా వెలుగు పడితే ఎంత సన్నటి గీతైనా లేస్తుందని, అందుకే వయసు మళ్ళిన హీరోలకి అడ్డం లైటు పెట్టరని చెప్పాడు. ఇద్దరం వంగి చూశాం. చుక్క పడినచోట కాగితం బొబ్బలా ఉబ్బి ఉంది. దాని నీడ తప్ప ఏమీ లేదు. లైటు కొంచెం కొంచెంగా జరుపుతూ ఉత్తరమంతా వెతికాడు. చుక్క పడనిచోట కూడా, ఒక్క అక్షరం కిందైనా నొక్కు లేదు.

"చెయ్యి కాగితానికి ఆనలేదన్నా. ఊకె తాకిచ్చుకుంట పోయిండు."

ముప్ఫై ఏళ్ళు కార్బన్ కాగితాలు పెట్టి నకళ్ళు రాసిన చెయ్యి అది. నాలుగో కాపీలో కూడా అక్షరం స్పష్టంగా పడేలా నొక్కేవాడు. చిన్నప్పుడు అన్నయ్య రాసిన కాగితాన్ని వెనక్కి తిప్పి వేలితో తడిమితే చదవొచ్చు. లైట్‌మాన్ లైటు ఆర్పేశాడు. కిటికీలు తెరిచాను. కింద ఫ్లైఓవరు మీద బళ్ళు ఆగి ఉన్నాయి.

"ఉత్తరం వచ్చినంక ఎన్ని దినాలున్నడు?"

"పంతొమ్మిది."

"మల్ల రాసి అడుగకపోతివా, ఏందో అని?"

ఉత్తరం చేరేలోపే పోయాడని ఇంతవరకూ వదినకి తప్ప అందరికీ చెబుతూ వచ్చాను. అతనికి నోరుజారి నిజం చెప్పాను కాబట్టి ఇక్కడా చెబుతాను. పంతొమ్మిది రోజులున్నాయి. అర్ధరూపాయి పెడితే ఒక కార్డు. చుక్క పడటం అలవాటు పొరపాటు. అడగకపోవడం పొరపాటు కాదు. ఆ రెండక్షరాలు పెన్ను అయి ఉంటాయని నాకు ఆరోజే తోచింది.

నాన్నది రాజమండ్రిలో, ఎబొనైటు అనే గట్టి రబ్బరుతో చేయించిన నల్ల పెన్ను. ఆలోచించేటప్పుడు మూత కొరికేవాడు, మూత చివర రెండు పళ్ళ గుర్తులుంటాయి. నాన్న పోయాక అది పెద్దకొడుకుగా అన్నయ్యకి వచ్చింది. ఒక సినిమాలో పెన్ను పట్టుకున్న చెయ్యి దగ్గరగా చూపించాలి, వారంలో తెచ్చిస్తానని అడిగి తీసుకొచ్చాను. తర్వాత రైల్లో పోయిందని రాశాను. ముప్ఫై ఏళ్ళ పైమాట. అది పోలేదు. ఈ పదిహేడు ఉత్తరాల్లో పదహారు దాంతోనే రాశాను. ఈ వాక్యాలూ దాంతోనే రాస్తున్నాను. నా చేతిరాత అంత బాగుండటానికి కారణం నా చెయ్యేనని చెబుతూ ఉంటాను. పాళీ అలాంటిది.

లైట్‌మాన్ అంతా విన్నాడు. లైటు సంచిలో పెట్టుకున్నాడు.

"వదినెకు జెప్పెయ్యన్నా. ఫోన్ల జెప్పు. జర మొకం కనవడదు."

అతను వెళ్ళాక ఫోన్ చేశాను. ఆవిడ బియ్యం ఏరుకుంటోంది, పళ్ళెం చప్పుడు వినిపిస్తోంది. మొత్తం చెప్పాను. చుక్క సంగతి, పోస్టులో పోయిందన్న అబద్ధం, పంతొమ్మిది రోజులు, చివరికి పెన్ను. పళ్ళెం చప్పుడు మధ్యలో ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు.

"పెన్ను నీ దగ్గరుందని ఆయనకి తెలుసుగా."

ఎలా తెలుసన్నాను.

"టీవీలో నీ సినిమా ఏదో వచ్చింది. కాగితం మీద రాస్తున్న చెయ్యి కనిపించింది. ఇది మా తమ్ముడి బొటనవేలే అని నన్ను వంటింట్లోంచి పిలిచారు. నేనొచ్చేసరికి బల్ల మీద మూత కూడా కనిపించింది. మావగారి పళ్ళ గుర్తులు."

"ఏమన్నాడు?"

"టీవీ కట్టేసి అన్నానికి లేచారు."

"ఎన్నాళ్ళైంది?"

"చాలా ఏళ్ళయింది. మా పాత టీవీ, డబ్బాలాంటిది."

ఆ తర్వాత అన్నయ్య నాకు రాసిన ఉత్తరాలు వందకి తక్కువుండవు. ఒక్కదాంట్లోనూ ఆ ఊసు లేదు. ఇది విన్నాక నాకు ఏదైనా అనిపించాలి. ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"అయితే అడిగింది పెన్నేనంటారా?" అన్నాను.

"నాకేం తెలుసయ్యా. అడగాలనుకుంటే ఆరోజే అడిగేవారు కదా. మోకాళ్ళ నూనె కూడా అయిపోయిందప్పటికి. సీసా బోర్లించి రాసుకుంటున్నాను. నాకోసం నిన్ను అడిగారేమో."

ఏరిన బియ్యం డబ్బాలో పోసుకున్న చప్పుడైంది.

"మూడూ పట్రా. ఒకటే ఇవ్వాలని పంతులుగారు అన్లేదుగా. నూనె మాత్రం రెండు సీసాలు తే, ఒకటి నాకు."

సరేనన్నాను.

"పెన్ను ఖాళీగా తేకు. చెంబు కూడా నీళ్ళు పోసే ఇస్తాం. ఖాళీ వస్తువు దానం ఇవ్వకూడదు."

ఏ సిరా పొయ్యాలో ఆవిడని అడగలేదు. పంతులుగారు ముహూర్తాలు కూడా ఫోన్‌లోనే టైపు చేసుకుంటారు, ఆయనకి ఏ సిరా అయితే ఏం.

టోలిచౌకి వెళ్ళి నూనె తెచ్చాను. ఫోటో అట్టల మధ్య పెట్టాను. ఇవాళ పొద్దున పెన్ను విప్పి, పాళీ, దాని కిందుండే నాలిక తీసి కడిగాను. ముప్ఫై ఏళ్ళలో పోసిన రంగులన్నీ వచ్చాయి. ముందు నలుపు, తర్వాత వయొలెట్, తర్వాత ఏదో తుప్పు రంగు. ఆరబెట్టి, మామూలు నీలం సీసా తీశాను. చిన్న గాజు గిన్నెలో ఫిల్లరుతో సిరా చుక్కలు, నీటి చుక్కలు లెక్కపెట్టి కలిపి, అన్నయ్య ఉత్తరం పక్కన పెట్టి చూశాను. ఒకటికి ఒకటి వేస్తే మరీ పలచన. రెండుకి ఒకటి ముదురు. ఐదు సిరాకి మూడు నీళ్ళు కలిస్తే సరిపోయింది. మొదటిసారికే సరిపోయిందని వదినకి చెబుతాను. పదకొండు సార్లు కలిపాను.

మిగతా సిరాల వరసల కింద, నోటుబుక్కులో కొత్త వరస తీసి రాశాను. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. ఫిల్లరులో నీళ్ళున్నాయి. రెండో 'క్షేమం' ఆరేదాకా కూర్చున్నాను. చుక్క వెయ్యలేదు. పక్కన గళ్ళో 'నీలం 5, నీళ్ళు 3' అని రాసి నోటుబుక్కు మూసేశాను. చుక్క వేస్తే ఏమవుతుందో తెలిసిందే కదా.

రేపు పొద్దున బస్సు. పెన్ను నిండా పోశాను. ఎబొనైటు పెన్ను పడుకోబెడితే కారుతుంది. సంచిలో పెట్టకూడదు. తణుకు దాకా జేబులో నిలబెట్టే తీసుకెళ్ళాలి.